నారికేళజలాభిషిక్త హార్డుడిస్కు విజయము

ఏ దేవత కరుణించిన కంప్యూటరు తెరపై బొమ్మ వెలుగునో, ఏ దేవత అలిగిన చిన్న చక్రమొకటి అదేపనిగా తిరుగుచు చూచువాని తలను గూడ తిప్పునో, ఆ తల్లి పేరు నాకు తెలియదు; తెలియకపోయినను ఆమెకు తొలిమ్రొక్కు మ్రొక్కి ఈ మహాసంగ్రామగాథ నెత్తుకొనుచున్నాను. వినువారు చెవులొగ్గుడు. తొందర గలవారు వచ్చిన బస్సెక్కుడు.

బొగ్గుట్ట యని జనులు ముద్దుగా పిలుచుకొను ఇల్లందు నుండి కొత్తగూడెము పోవు మార్గమున, అడవి యొకవైపును ఆటోల హారన్లొకవైపును ముట్టడించగా వెలసిన టేకులపల్లియందు, పత్తిచేలు తెల్లగా పగులుచు, వరి పొట్టకు వచ్చుచు, ఊరిలోని సమస్త యంత్రములు పసుపుకుంకుమలకై ఎదురుచూచుచుండిన ఆశ్వయుజ శుద్ధ దశమీ పుణ్యదినంబున, బస్టాండు చెంత రేకులకప్పు స్టూడియోలో, వీరన్న యను ఫోటోగ్రాఫరు తన సింహాసనమును, అనగా కాలు విరిగి తీగతో కట్టబడిన ప్లాస్టిక్కు కుర్చీని, అధిష్ఠించి యుండెను. ఈయన సామాన్యుడు కాడు. వివాహచ్ఛాయాచిత్రకళాకోవిదుడు, పెండ్లికొడుకులచే గడ్డము పైకెత్తించుటలో అసమానుడు, చెప్పిన నాటికి వీడియో ఇయ్యకుండుటలో అజేయుడు. 'ఎల్లుండి' యను దివ్యాస్త్రము ఆయన నాలుక చివరనే యుండును. దానిని సంధించినంతనే ఎంతటి పెండ్లిపెద్దయైనను నోరు మూసుకొని ఇల్లు చేరవలసినదే.

ఆ అస్త్రము తగిలియు చావని ప్రాణి యొక్కతే గలదు. ఆమె హేమ్లి, దాపున నున్న తండాలోని ముదుసలి. ఎండాకాలమున ఆమె మనుమరాలు కళ్యాణికి పెండ్లి జరిగెను. వీడియో తీసినది మన వీరన్నయే. అత్తవారింటికి కదలు లంబాడీ ఆడపిల్ల తనవారిని ఒక్కొక్కరినే కౌగిలించుకొని, ఏడ్చుచు పాడు పాటను ఢావ్లో యందురు. కళ్యాణి ఆ పాట తన నాయనమ్మను పట్టుకొని పాడెను. చిక్కంతయు అక్కడనే వచ్చినది.

"నేర్పింది నేనే వీరన్నా, ఇననిది గూడ నేనే," అని హేమ్లి ఆ పండుగ ఉదయమున గూడ స్టూడియో గడపమీద కూర్చుండి ఎన్నోమారో గర్జించెను. "అది పాడుతుంటె నేను మొత్తుకొని ఏడుస్తున్న. ఒక్క ముక్క చెవులకు ఎక్కలే. నీ బొమ్మలు నాకొద్దు. ఆ పాట ఇనిపియ్యి."

"ఎడిటింగ్‌ల ఉందవ్వా. ఎల్లుండి రా. అంత తొందరుంటె పిల్లకు ఫోన్ చేసి పాడించుకోరాదూ?"

"థూ! అత్తగారింట్ల కూసోని ఢావ్లో పాడుతరా? ఎవరు సచ్చిండ్రని ఊరంత ఉరికొస్తది. అది పిల్ల ఇల్లిడిసి పోయేటప్పుడు ఒక్కసారే పాడేది. ఎట్ల దెస్తవ్ మళ్ల?"

వీరన్న మరునాడే తప్పక ఇత్తునని కెమెరా మీద ఒట్టు పెట్టుకొనెను.

ఇక దసరా పూజ. ఈ బొగ్గునేలన ఆ దినమున పసుపు అంటని ఇనుము ఉండదు. లారీకి నిమ్మకాయ, జేసీబీకి గుమ్మడికాయ, జిరాక్సు మిషనుకు బంతిపూదండ. మరి వీరన్న ఆయుధమేది? కెమెరాకు బొట్టు పెట్టిన అద్దము పాడగునని ఆయనకు భయము. అందువలన ఆ బుద్ధిమంతుడు కెమెరాను బీరువాలో భద్రపరచి, మండలమందలి పెండ్లిళ్ళన్నిటిని కడుపున దాచుకొన్న హార్డుడిస్కును పీటపై పెట్టెను. ఆ పెండ్లిళ్ళకు రెండవ ప్రతి లేదు. కెమెరా కార్డులు తరువాతి పెండ్లిళ్ళకై ఎన్నడో తుడిచివేయబడెను.

"నీళ్లు పడ్తయేమో, జర పక్కకు పెట్టయ్యా," అని ఆయన ఇల్లాలు ఉషారాణి పలికెను.

"ఏందే ఉషా, గంత చిన్నగ చూస్తున్నవ్! అసలు ఆయుధం గిదే. దీనికి చెయ్యక దేనికి చేస్తవ్? దేవుని నీళ్లు ఏం జేస్తయ్?"

అని ప్రచండభుజదండమెత్తి, శత్రుశిరస్సును వలె టెంకాయను ఒక్క వేటున పగులగొట్టగా, తత్ఫలోదరనిర్గత శీతలమధురధారలు డిస్కు శిరమునుండి పాదముల దాక సంపూర్ణాభిషేకము గావించెను. ఆయన దానిని లుంగీ అంచుతో తుడిచెను. తుడిచి, వైరు దూర్చు రంధ్రముమీదనే గురిచూచి తడిపసుపు పెట్టెను. పెట్టి, హేమ్లికిచ్చిన మాట జ్ఞప్తికి రాగా, ఆరనీయకయే కంప్యూటరుకు తగిలించెను. 'టక్' మనెను డిస్కు. మరల 'టక్' మనెను. అటుపిమ్మట తెర నల్లనాయెను.

'హా విధీ! అక్షయమగు నా భాండాగారమేల రిక్తమాయెను!' అని వీరన్న విలపించినట్లు మావంటి కవులు వ్రాయుదురు. నిజమునకు ఆయన అన్నది "సచ్చినం" అని మాత్రమే.

యుద్ధసభ కూడెను. సభలో ఉన్నది భార్యాభర్తలే. తడిసిన ఫోను బియ్యములో పెట్టిన బ్రతుకునను సనాతనసిద్ధాంతము ననుసరించి డిస్కు బియ్యపుడబ్బాలో పూడ్చబడెను. తెల్లవారి తీసి చూడగా పసుపుబంకకు నూకలంటుకొని, రంధ్రము నిండి, వైరు దూరుటకు సందైన లేదు. ఆ నూకలను వీరన్న గుండుసూదితో పొడుచుచుండగా హేమ్లి రానే వచ్చెను.

"ఎల్లు..." అని ఆయన అస్త్రము నెక్కుపెట్టునంతలో ఉషారాణి అడ్డుపడెను. "అబద్ధాలెందుకు? దాని మీద టెంకాయ నీళ్లు పోసిండవ్వా. సెడిపోయింది."

ముసలమ్మ తిట్టలేదు. తిట్టిన బాగుండెడిది. డిస్కును చేతిలోనికి తీసుకొని, అంటిన నూకలను గోటితో గీరి, "బాగు చేసెటోళ్లు యాడుంటరు?" అని మాత్రము అడిగెను. ఖమ్మంలో ఉందురని తెలియగనే డిస్కును ఓణీ కొంగున మూటగట్టి బస్టాండు వైపు నడచెను. వీరన్న వెంట పరుగెత్తక తప్పలేదు. బస్సులో సీటుకై జరిగిన ఘోరరణమును వర్ణింప నాకు ఓపిక లేదు. హేమ్లి మోచేయి గెలిచినదని, వీరన్న ఖమ్మం దాక నిలువుకాళ్ళ మీదనే పోయెనని చెప్పిన చాలును.

ఖమ్మంలో హార్డుడిస్కుల వైద్యుడు ఉదయ్ భాస్కర్. ఆయన డిస్కు పెంకు విప్పి ముక్కు మూసుకొనెను.

"ఇదేంటన్నా, డిస్కా, ప్రసాదమా?"

కడిగి, తుడిచి, ఆరబెట్టి, మరల తగిలించి, చాలసేపు చెవియొగ్గి విని, పెదవి విరిచెను. "లోపల దెబ్బతింది. ఎంతసేపు తిరుగుతుందో చెప్పలేను. వచ్చినంత లాగుతా. అన్నీ అయితే రావు. ముందేది కావాలి?"

ధర్మసంకటమన్న ఇదియే. ఆ డిస్కులోనే వెంకటనారాయణ కొడుకు పెండ్లి గలదు. ఆయన సత్తుపల్లి ప్రాంతపు ఆయిల్‌పామ్ తోటల ఆసామి. డ్రోనులతో తీయించుకొన్న పెండ్లి. పోయినదని తెలిసిన వీరన్నను ఏ తోటలో పాతిపెట్టునో తెలియదు. వీరన్న నోరు తెరిచెను. హేమ్లి ఖాళీ కొంగును మడతపెట్టుకొనుచు కూర్చుండెను. ఆయనకు సిగ్గు వేసెను. అవును, వీరన్నకే! ఎండాకాలమునుండి ఆయన అన్న 'ఎల్లుండి'లన్నియు ఒక్కసారిగా వెనుదిరిగి ఆయనకే తగిలెను.

"కళ్యాణి పెండ్లి తియ్యి తమ్మీ," అనెను. "ఆళ్లది తర్వాత జూద్దాం."

ఇదియే ఆయన జన్మలో చేసిన ఏకైక వీరకృత్యము. చేసిన మరుక్షణమే వెంకటనారాయణకు వెరచి తన ఫోను ఆపివేసెను.

అంత తెరమీద ఆకుపచ్చని గీత నత్తనడకన కదలెను. ఆగెను. డిస్కు దగ్గెను. గీత మరల కదలెను. మంగళస్నానములు పోయినవి, తలంబ్రాలు పోయినవి, బంధుజనభోజనఘట్టము గూడ గాలిలో కలిసెను. పిదప ఒక్క ఫైలు మాత్రము బయటపడగా, డిస్కు దీర్ఘముగా కూతపెట్టి ప్రాణము విడిచెను. దానితోపాటు వెంకటనారాయణగారి డ్రోనులును నేలరాలెను.

ఫైలు తెరచిరి. తెరమీద వధువు లేదు, వరుడు లేడు. ఉన్నవి చెప్పులు! అప్పగింతల వేళ మన కళాకోవిదుడు అరటిపండు తినుటకై కెమెరాను మెడకు వ్రేలాడదీసి, ఆపుట మరచెను. చెప్పుల కుప్పయు, దాని నడుమ గెలుకుచు తిరుగు ఒక కోడియు తప్ప వేరొకటి కానరాదు. కాని పాట ఉన్నది. కళ్యాణి గొంతు, మొదటినుండి చివర దాక.

ఇక విజయమే యనుకొంటిరా? పాట మొదలయిన తోడనే హేమ్లి భోరున ఏడ్చెను. దుకాణము అదరునట్లు ఏడ్చెను. పాట ముగిసెను, ఈమారును ఆమె ఒక్క ముక్క వినలేదు.

వీరన్న తల పట్టుకొనెను. ముసలమ్మ కొంగుతో ముక్కు చీది, కండ్లు తుడుచుకొని, కుర్చీని కంప్యూటరు దగ్గరకు జరుపుకొనెను.

"ఏడ్సుడు అయిపోయింది. ఇగ పెట్టు. ఇప్పుడింట."

ఈసారి ఆమె కదలలేదు. కండ్లు మూసుకొని, పెదవులు కదుపుచు, తుదివరకు వినెను. మధ్యలో ఒకచోట ఆమె నొసలు ముడివడెను.

"నడుమల ఒక ముక్క మింగింది పిచ్చిది," అనెను. "ఎన్నిసార్లు జెప్పిన!" అని పకపక నవ్వెను. "మళ్ల పెట్టు."

సకలజనులారా, వినుడు! మండలమందలి పెండ్లిళ్ళన్నియు మట్టిగలిసినవి. మిగిలినది ఒక కోడి, కొన్ని చెప్పులు, ఒక ముక్క మింగిన ఒక పాట. తప్పు పట్టగలిగినంత స్పష్టముగా ఒక నాయనమ్మ ఆ పాటను వినెను. జయము! జయము! దిగ్విజయము!