పప్పు ఉడికే ఇల్లు

ఆ ఆదివారం వెంకటేశ్ వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. పొద్దున బ్రోకర్ దివాకర్ ఇల్లు కొనేవాళ్లను తీసుకొస్తాడు. వాళ్లు ఇల్లు చూస్తారు, చాయ్ తాగుతారు, ధర మాట్లాడతారు. సాయంత్రం వెంకటేశ్ మక్తల్ బస్సెక్కుతాడు. అతను పనిచేసే విత్తనాల కంపెనీ అతన్ని మక్తల్‌కు మార్చి ఏడాది కావస్తోంది. అతను అక్కడ కిరాయి గదిలో, భార్య ప్రవళిక, కూతురు స్నిగ్ధ ఇక్కడ దేవరకొండలో. ఈ ఇల్లు అమ్ముడుపోతేనే అక్కడ ఇల్లు. బళ్లు తెరిచేలోగా అమ్మకపోతే ఇంకో ఏడాది ఆదివారాల కాపురమే.

ఇల్లు ఊరి చివర ఖిల్లానగర్ కాలనీలో ఉంది. తెలంగాణ రాష్ట్రం రాకముందు అక్కడ కంది చేలు ఉండేవి. తర్వాత చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్లయ్యాయి. ఈ మధ్య బైపాస్ పక్కన కొత్త వెంచర్లు రావడంతో కొనేవాళ్లు అటు పోతున్నారు. వెంకటేశ్ ఉండే గల్లీలోనే మూడిళ్లకు అమ్మకం బోర్డులు వేలాడుతున్నాయి. మూడూ దివాకర్ రాయించినవే.

దివాకర్ ఇంటి గురించి తక్కువ, ఇంటి చుట్టూ ఉన్నవాటి గురించి ఎక్కువ చెబుతాడు. ఏ మేడ మీది నుంచి ఖిల్లా ఎంత కనబడుతుందో, దవాఖానకు ఏ సందులో పోతే దగ్గరో, తెల్లవారుజామున హైదరాబాద్ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీద ఆగుతుందో అతనికి తెలుసు. అతను చెబుతుంటే దేవరకొండలో పుట్టినవాళ్లు కూడా నిలబడి వింటారు.

ఆ రోజు అతను తెచ్చిన వాళ్లు మర్రిగూడ దగ్గరి పత్తి రైతులు, మైసయ్య, అతని భార్య అండాలు. మైసయ్య చేతిలో ఖాళీ నీళ్ల సీసా, అండాలు చంకలో గుడ్డ సంచి.

"గీ మేడెక్కితే ఖిల్లా మొత్తం కనబడ్తదమ్మా. పొద్దుగూకేటప్పుడు చూడాలె," అన్నాడు దివాకర్.

"ఖిల్లా ఏడికి పోతది బిడ్డా, రేపైనా చూస్త. పొయ్యి ఏడున్నది?" అంది అండాలు.

ఆమె సంచిలోంచి కందిపప్పు పొట్లం తీసి వంటింటి గట్టు మీద పెట్టింది. చుట్టాలు తెచ్చిన కానుక అనుకుని ప్రవళిక, "ఎందుకు పెద్దమ్మా గియ్యన్ని," అంది.

"నీకు గాదు బిడ్డా. మీ నల్లా నీళ్లు పోసి ఉత్త పప్పు వండుత. కుక్కర్ వద్దు, ఉప్పు వద్దు. ఉడికితే బేరం మాట్లాడుదాం. ఉడకకుంటే చాయ్ తాగి పోతం."

మర్రిగూడ వైపు భూమిలో నీళ్లు ఎలాంటివో ఆ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతో పళ్లు, మోకాళ్లు చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు అక్కడి నల్లాల్లో నది నీళ్లు వస్తున్నాయి. రాని రోజు మళ్లీ బోరే. పత్తి మీద మిగిలిందంతా పెట్టి ఆ భార్యాభర్తలు కొనాలనుకున్నది ఇల్లు కాదు, ఇంటి కింది నీళ్లు.

"పప్పుకు, ఫ్లోరైడ్‌కు లంకె లేదే. నేను సీసల పట్టుకపోయి పరీక్ష చేయిస్త గద," అన్నాడు మైసయ్య.

"సీసది నువ్వు చేయించు, పప్పుది నేను చేస్త. పెండ్లయిన కాడికెల్లి కట్టెలన్ని కాలవెట్టి ఉడకని పప్పు తింటున్న. ఇల్లు కొన్నంక గూడ గదే తినాల్నా?"

ప్రవళిక మొగుణ్ని పెరట్లోకి పిలిచింది.

"మన బోరు నీళ్లతోని నేనెన్నడన్న పప్పు వండిన్నా? వంటకు, తాగేటందుకు క్యాన్ నీళ్లేనాయె. గీ నీళ్లు బాసండ్లకు, తానాలకు."

"మరి ఉడుకుతదా?"

"నాకేం ఎరుక?"

వెంకటేశ్ గోడ అవతలికి చూశాడు. అది రిటైర్డ్ హెడ్‌మాస్టర్ రఘుపతి ఇల్లు. కాలనీ సంఘం అధ్యక్షుడు ఆయనే. తన బోరు నీళ్లు కొబ్బరి నీళ్లని సంఘం ప్రతి సమావేశంలోనూ చెబుతాడు. ట్యాంకీలో ఉన్న నీళ్లు వదిలేసి, ఆయన నీళ్లు పట్టుకుంటే సరిపోతుంది. దానికి ఒక గంట కావాలి.

అతను దివాకర్ చెవిలో ఒక మాట వేశాడు. దివాకర్ వంటింట్లోకి వెళ్లి సిలిండర్‌ను వేలితో తట్టాడు.

"గ్యాస్ అయిపోవస్తాందమ్మా. కొత్తది తెప్పిస్తరు. ముందు జర ఊరు చూసొద్దాం పాండ్రి."

ఆటో కదలగానే వెంకటేశ్ మేడెక్కి ట్యాంకీ వాల్వుకు పైపు తొడిగి, రెండో కొసను రెండో పక్క గోడ వెంట మురుగు పోయే మోరీలోకి వదిలాడు. తర్వాత రఘుపతి దగ్గరికి వెళ్లాడు. అసలు సంగతి చెబితే ఆయన సంఘంలో చర్చకు పెడతాడు. అందుకని, "మా బోరు జర మొరాయించింది సార్, ఒక ట్యాంకి నీళ్లిస్తరా?" అన్నాడు.

"అడుగుడేంది వెంకటేశ్, ఇరుగుపొరుగన్నంక," అన్నాడు రఘుపతి. ఆయనే పైపు తెచ్చాడు, వెంకటేశ్ మేడ మీద ఖాళీ ట్యాంకీ వాల్వు కట్టేసి చెయ్యి ఊపగానే మోటారు వేశాడు, పైపు వంకర పోకుండా మధ్యలో ఇటుక పెట్టాడు. ఖిల్లానగర్‌లో సాయం అడిగితే ఇలాగే ఉంటుంది. అడిగినదానితో ఆగదు.

మోటారు వేసేలోపే రఘుపతి ఫోన్ తీసి, "వెంకటేశ్ బోరు మొరాయించిందట, మీది చూస్కోండి," అని నలుగురికి చెప్పాడు. ఆ నలుగురు చెప్పినప్పుడు బోరు మొరాయించలేదు, ఎండిపోయింది. గల్లీ చివరికి చేరేసరికి కాలనీ బోర్లన్నీ ఎండిపోతున్నాయి. ఉన్నప్పుడే పట్టుకుందామని ప్రతి ఇంట్లోనూ మోటారు వేశారు. అన్ని మోటార్లు ఒక్కసారి తిరగడం ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నడూ చూడలేదు. మూల మీద ఠప్పుమని చప్పుడైంది. కరెంటు పోయింది.

మోటార్లు ఆగడంతో ట్యాంకీల్లోకి ధార ఆగింది. ధార ఆగడంతో బోర్లు పోయాయన్న మాట ఖాయమైంది. వెంకటేశ్ ట్యాంకీలో అప్పటికి రఘుపతి నీళ్లు జానెడు లోతు ఉన్నాయి. సొంత నీళ్లు మోరీ వైపు పోయాయి. రఘుపతి మాత్రం చేతులు కట్టుకు కూర్చోలేదు. నీళ్ల ట్యాంకర్ నడిపే సునీల్ ఒకప్పుడు ఆయన బళ్లో చదివాడు. సెలవు రోజైనా, సార్ పిలిచారని వెంటనే బయలుదేరాడు.

ఊళ్లో దివాకర్ తన పని తను చేస్తున్నాడు. అండాలును ఖిల్లా కిందికి తీసుకెళ్లి, ఏడు గుట్టల చుట్టూ గోడ ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరుగుతుందో వేలితో గీసి చూపించాడు. ఆమె అక్కడ చాలాసేపు నిలబడింది.

"లోపట నీళ్లున్నయా?"

"కుంటలున్నయమ్మా, గుట్ట మీదనే."

"మరి. గింత కోట కట్టినోళ్లు ముందుగాల నీళ్లే చూసుకుంటరు. పప్పు ఉడికే ఉంటది."

దివాకర్ ఆ ఖిల్లా గురించి ఎందరికో చెప్పాడు. ఇంత మంచి మాట అతనికి ఎన్నడూ తోచలేదు. మనసులో రాసిపెట్టుకున్నాడు. ఇంతలో వెంకటేశ్ ఫోన్ చేసి ఇంకాసేపు తిప్పమన్నాడు. దవాఖాన అయింది, బస్టాండ్ అయింది, కూరగాయల మార్కెట్ అయింది. ఫంక్షన్ హాలు రెండోసారి వచ్చింది.

"గిది ఇందాక చూసినం గద," అన్నాడు మైసయ్య.

"ఇందాక చూసింది ముందటి గేటు. గిది ఎనకటి గేటు."

"మా ఇంట్ల పెండ్లి గావాల్సినోళ్లెవ్వలు లేరు బిడ్డా. ఇంటికి తోలు," అంది అండాలు.

ఆటో గల్లీలోకి తిరిగేసరికి వెంకటేశ్ ఇంటి ముందు ట్యాంకర్ నిలబడి ఉంది. దాని వెనక బిందెలతో, బకెట్లతో ఆడవాళ్లు. రఘుపతి వరుస సరిచేస్తున్నాడు. నీళ్ల కోసం ఇల్లు కొనవచ్చిన మనిషి చూడకూడనిది ప్రపంచంలో ఒకటే ఉంటే, అది అదే.

"గా ట్యాంకరెందుకు వచ్చింది?" అంది అండాలు.

"చెట్లకమ్మా," అన్నాడు దివాకర్.

ఆ గల్లీలో చెట్టు లేదు.

సంగతి ఏమిటో ఆడవాళ్లకు అర్థమైంది. పిల్ల తండ్రికి దూరంగా పెరుగుతోందని వాళ్లందరికీ తెలుసు. ఇల్లు అమ్మిపెట్టడానికి తలా ఒక మాట సాయం వేశారు. "మా గల్లీల నీళ్లకు కరువే లేదమ్మా," అంది ఒకామె, ఖాళీ బిందె వెనక దాచి. "గిది ఉత్తగనే వచ్చింది, పొయ్యేటిది ఆగింది," అంది ఇంకొకామె. రఘుపతి భార్య ప్రమీలమ్మ, "ఎండకాలం గల్లీ కడుగుతం," అంది. ఇవన్నీ ఒక్కసారే చెప్పడంతో ఏదీ నిలవలేదు.

"వచ్చినం గద, వండే పోతం," అంది అండాలు.

వంటింటి నల్లా తిప్పింది. రఘుపతి నీళ్లు వచ్చాయి. గ్యాస్ ఉన్నట్టే ఉంది. ఆ సంగతి ఆమె అడగలేదు. సగం పప్పు గిన్నెలో పోసి, తాళం చెవులు అప్పుడే చేతికొచ్చిన మనిషి లాగా పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. నీళ్లు మరిగాయి, నురుగు వచ్చింది, నురుగు పోయింది. మళ్లీ నీళ్లు పోసింది. పప్పు గిన్నెలో గులకరాళ్ల చప్పుడు చేస్తూ తిరుగుతూనే ఉంది. ఆమె ఒక బద్ద తీసి రెండు వేళ్ల మధ్య నొక్కింది. అది జారి గట్టు మీద పడి చప్పుడైంది.

"మా ఊరి పప్పే నయం," అంది.

మైసయ్య సీసా చంకన పెట్టుకుని లేచాడు. వెంకటేశ్ గడపలో నిలబడి బూట్ల వైపు చూస్తున్నాడు. సాయంత్రం బస్సుకు వేసుకోవాల్సినవి. ప్రవళిక అది చూసింది.

"పెద్దమ్మా, గవి మా నీళ్లు గావు," అంది. "మా నీళ్లతోని ఉడుకుతదో లేదో నాకెరుక లేక, రఘుపతి సార్ నీళ్లు పట్టినం."

కిటికీ బయట నిలబడ్డ రఘుపతికి ఈ మాట వినబడింది. "మా నీళ్లతోని ఉడకకపోవుడేంది? కొబ్బరి నీళ్లు..." అని లోపలికి వచ్చాడు.

"మీరూకోండి. మన ఇంట్ల పప్పుకు క్యాన్ నీళ్లే పోస్తున్న," అంది ప్రమీలమ్మ.

రఘుపతి కాసేపు గోడ గడియారం చూశాడు.

"మరి మీ నీళ్లేడున్నయ్ బిడ్డా?" అంది అండాలు.

"మోరీల పారబోసినం."

"గల్లీ అంత నీళ్ల కోసం ఏడుస్తుంటే పారబోసిన్రా?"

"పారబోసిన్రు గని నేను పోనియ్యలే," అంది వెనక నుంచి స్వర్ణ. ఆమెది రెండో పక్క ఇల్లు. "బోర్లెండినయని ఫోనొచ్చింది. చూస్తే మా గోడ పక్క పైపుల నీళ్లు కారుతున్నయ్. పైపు కొస తెచ్చి నా డ్రమ్ములల్ల పెట్టుకున్న. రెండు డ్రమ్ములు నిండినయ్."

నలుగురు కలిసి ఒక డ్రమ్మును వంటింటి దాకా మోసుకొచ్చారు. అండాలు మిగిలిన పప్పు పోసింది. ఈసారి బిందెలవాళ్లు కూడా వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. సునీల్ ట్యాంకర్ దిగి వచ్చాడు. ఆ గల్లీలో అంతమంది కలిసి ఒక గిన్నెను చూడటం అదే మొదలు. ముందు చప్పుడు తగ్గింది. తర్వాత నీళ్లు పచ్చబడ్డాయి. అండాలు గరిటె తిప్పితే బద్దలు కనబడలేదు. గరిటె వెనక వైపుతో గిన్నె అంచుకు రాసింది. వెన్నలా అంటుకుంది.

ఆమె ఆ పప్పును చేతిలో వేసుకుని, ఉప్పు కూడా లేకుండా తిన్నది. మైసయ్యకు పెట్టింది. అతను సీసా మూత తీసి డ్రమ్ములో ముంచాడు.

"గీ ఇంట్ల ఎన్నేండ్లకెల్లి ఉంటున్నరు?" అని అడిగింది అండాలు.

"ఏడేండ్లు," అంది ప్రవళిక.

"ఏడేండ్లు గీ నీళ్లతోని బాసండ్లు తోమిన్రు," అని ఆమె గిన్నె దించింది. "సీస పరీక్ష మంచిగొస్తే ఇల్లు మాదే. అయితే పారబోసిన ట్యాంకి నీళ్లకు ధరల జర కోస్త."

పరీక్ష మంచిగా వచ్చింది. కోతకు వెంకటేశ్ ఎదురు చెప్పలేదు. అండాలు ఇంట్లో దిగిన రోజు గల్లీ మొత్తానికి పప్పు వండి పెట్టింది, పొయ్యి మీద, కుక్కర్ లేకుండా. రఘుపతి రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఇప్పుడు సంఘం సమావేశాల్లో ఆయన 'మా పక్కింటి నీళ్లు' అంటాడు. గల్లీలో మిగిలిన రెండిళ్ల బోర్డుల మీద దివాకర్, ఖిల్లా కనబడుతుందన్న వరుసకు పైన ఇంకో వరుస రాయించాడు: 'పప్పు వండి చూసుకోవచ్చు.' తర్వాతి నెలలో ఒకటి అమ్ముడుపోయింది.

బళ్లు తెరవడానికి ముందు వెంకటేశ్, ప్రవళిక మక్తల్‌లో ఒక ఇల్లు చూడటానికి వెళ్లారు. అక్కడి బ్రోకర్ కృష్ణకాంత్ గేటు దగ్గరే మొదలుపెట్టాడు. బడి ఎంత దగ్గరో, మార్కెట్ యార్డ్ ఏ పక్కనో, కర్ణాటక బస్సులు ఎక్కడ ఆగుతాయో వరసగా చెప్పాడు. ప్రవళిక అంతా విని, సంచిలోంచి కందిపప్పు పొట్లం తీసి, "పొయ్యి ఏడున్నదన్నా?" అని అడిగింది.

కృష్ణకాంత్ ఇంటి ఓనర్ వైపు చూశాడు, ఓనర్ తన భార్య వైపు చూశాడు, ముందు జర ఊరు చూసొద్దామన్నాడు కృష్ణకాంత్.