పదిహేడో నంబరు బకెట్టు

కారే పైకప్పును మించిన ఆస్తి ఒక విశ్వవిద్యాలయానికి మరొకటి లేదు. నవ్వకండి. వారసత్వ కట్టడాల కమిటీ సభ్యుడిగా పూర్తి బాధ్యతతో చెబుతున్నాను.

మా క్యాంపస్ నడిబొడ్డున మొదటి వైస్‌ఛాన్సలర్ కాపురమున్న పాత బంగళా ఉంది. మూరెడు మందం గోడలు, నిలువెత్తు కిటికీలు, వరండాకు ఆరు స్తంభాలు. వాటిలో ఒకటి మిగతావాటికన్నా జానెడు లావు. మేస్త్రీ కొలత తప్పాడని గిట్టనివాళ్ళు అంటారు. "ఉద్దేశపూర్వక అసమానత" అంటూ ఆ ఒక్కదాని మీదే ముగ్గురు డాక్టరేట్లు తెచ్చుకున్నారు. సరిగ్గా కట్టిన అయిదింటి మీద ఒక్కరైనా తెచ్చుకున్నారా?

కిందటి వానాకాలం ఆ బంగళాలో ప్రతి వస్తువుకూ తెల్ల పెయింటుతో నంబరు వేశాం. నంబరు పడ్డాక ఆ వస్తువును అక్కణ్ణుంచి తీసెయ్యడం బ్రహ్మతరం కూడా కాదు. హాలు మధ్యలో ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు కనిపించింది. ఊపులో ఉన్నాం, దానికీ వేశాం. పదిహేడు.

తీరా చూస్తే అది ఊడ్చే అక్క ఇంటి నుంచి తెచ్చుకున్న బకెట్టు. ఇరవై రెండేళ్ళుగా ఆ బంగళా ఊడుస్తోంది, ఇరవై రెండేళ్ళుగా టెంపరరీయే. చెక్క నేల నానిపోతుందని కారే చోట పెట్టుకుంది, పాపం.

బకెట్టు ఇప్పించమని, తనను పర్మనెంటు చెయ్యమని ఒకే కాగితం మీద అర్జీ పెట్టింది. మూడు మీటింగులు కూర్చున్నాం. బకెట్టు తీస్తే నేల తడుస్తుంది. కప్పు బాగు చేయిస్తే బకెట్టుకు చారిత్రక సందర్భమే పోతుంది! అందుకని "యథాతథ స్థితి కొనసాగించవలెను" అని రాసి పంపాం. ఒకే దెబ్బకు రెండు పిట్టలు.

అప్పటినుంచి బకెట్టు నిండితే ఆమె చెంబుతో తోడి పోస్తోంది. కదిలించకూడదు కదా! ఆ చినుకుల చప్పుడు మీద ఒక పరిశోధక విద్యార్థిని రెండు అధ్యాయాలు పూర్తి చేసింది. కప్పు కారకపోతే ఇంత విద్య ఎక్కడ పుట్టేది?

నిన్న అక్క నా గదికి వచ్చింది. వచ్చే నెల నుంచి ఊడ్చే పని కాంట్రాక్టరుకు ఇచ్చేశారట, టెంపరరీ వాళ్ళు రానక్కర్లేదన్నారట. ఏడుస్తుందేమోనని మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాను. ఆమె చూపు మాత్రం బల్ల మీద మూత తీసి ఉన్న పెయింటు డబ్బా మీద ఉంది.

"నంబరు వేసినదాన్ని తీసెయ్యకూడదు కదా సార్?"

"కూడదమ్మా. రూలు."

ఆమె చెయ్యి చాపి బల్ల మీద పెట్టింది. పనితో అరచేయి కాయలు కాసి ఉంది.

"అయితే నాకూ ఒకటి వేసెయ్యండి."

రూల్సు పుస్తకం ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరగేశాను. తలుపు గొళ్ళెం ఉంది, పగిలిన అద్దం ఉంది, బకెట్టు ఉంది. ఆ ఇంటిని ఇన్నాళ్ళూ నిలబెట్టిన మనిషి లేదు. సిగ్గుతో తలెత్తలేక, డబ్బా మూసేద్దామని మూత కోసం వెతుక్కున్నాను.