యజమానికి రాని కల

ఆ సోమవారం ఉదయం ఉద్యోగులను నవ్వించాలని గోనెసంచుల కంపెనీ యజమాని మురళీమోహన్ నిర్ణయించుకున్నాడు. యజమాని నవ్విస్తే పనివేగం పెరుగుతుందని విశాఖపట్నంలో ఒక సదస్సులో విని వచ్చాడు. ఆ వాదానికి అక్కడ ఆధారాలేవీ చూపలేదు; ఆయనా అడగలేదు. సాయంత్రానికి సంచుల లారీ బయలుదేరకపోతే ఆర్డరు మరొకరికి పోతుంది గనుక, వేగం మాత్రం నిజంగానే అవసరం.

బొబ్బిలి సమీపంలో కంపెనీ ఉన్న ఆ ఊళ్లో ఏటా సిరిమాను పండుగ జరుగుతుంది. ఏ చింతచెట్టు కావాలో అమ్మవారు పూజారికి కలలో చెబుతుంది. దాన్ని కొట్టి తెచ్చి, ఆ మాను చివర కుర్చీ కట్టి, అందులో పూజారిని కూర్చోబెట్టి, ఆకాశానికెత్తి ఊరేగిస్తారు. పండుగ దగ్గరపడినా ఆ ఏడు కల రాలేదు. ఊరంతా అదే చర్చ. మురళీమోహన్‌కు అంతకంటే తగిన హాస్యవస్తువు తోచలేదు.

"రాత్రి నా కలలోకి అమ్మవారొచ్చింది," అన్నాడు, కుట్టుమిషన్ల మధ్య నిలబడి. "మన ఆవరణలోని చింతచెట్టు కావాలంది. 'భోంచేసి మావాళ్లంతా దాని కిందే పడుకుంటారు, లేపడం నావల్ల కాదు, నువ్వే లేపుకో తల్లీ' అన్నాను."

ఎవరూ నవ్వలేదు. మిషన్లు ఆగాయి. అందరికంటే పాత కార్మికురాలు దేముడమ్మ చెప్పులు విడిచింది.

"అమ్మోరు ఏ సీర కట్టుకున్నాది బాబూ?"

"పసుపుపచ్చది," అన్నాడు, ఏదో ఒకటి చెప్పాలి గనుక.

"అదే! మొన్న గుళ్లో నానెట్టిన సీరే!"

గంట తిరగకుండా చింతచెట్టు మొదలంతా పసుపు, కుంకుమ. ఊరి ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి పోస్తున్నారు. సంచి ఒక్కటీ కదలడం లేదు.

సూపర్వైజరు ఏసుదానం యజమాని గది తలుపు మూసి, గొంతు తగ్గించాడు. "సార్, నేను బాప్టిస్టు చర్చి మనిషిని, ఈ యవ్వారాలు నాకు తెల్దు. గానీ ఇది జోకని మాత్రం అనకండి. లారీ సంగతి దేవుడెరుగు, మనమే గేటు దాటలేం."

ఇంతలో పూజారి నూకయ్య వచ్చి యజమానిని కౌగిలించుకున్నాడు.

"నాకెందుకు కల రానేదో ఇప్పుడు తెలిసినాది! మోకాళ్లు నొప్పులు, పైకెక్కితే కళ్లు తిరుగుతన్నాయి, ఇంకోడిని సూసుకో తల్లీ అని మొక్కుతన్నాను. సూసుకున్నాది. కలొచ్చినోడే మానెక్కాల బాబూ!"

మేడమెట్లెక్కుతూ గోడ పట్టుకునే మనిషి మురళీమోహన్. ఏసుదానం వారిస్తున్నా వినకుండా బయటికి పరుగెత్తి, సంచుల కట్టపైకెక్కి అరిచాడు.

"కలా లేదు, ఏమీ లేదు! మిమ్మల్ని నవ్వించాలని అబద్ధం చెప్పాను!"

ఆవరణ యావత్తూ ఘొల్లున నవ్వింది.

"ఓలమ్మో, మానెక్కడానికి బయం!" దేముడమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మా బాబుకి ఇంత నవ్వించడం వచ్చని తెల్దు! కల అబద్దమైతే సీర రంగెలాగ తెలిసినాది బాబూ?"

ఆయన కట్ట దిగబోతే ఆమె అడ్డం నిలిచింది.

"ఎక్కుతానని మాటిచ్చీయండి. ఇప్పుడే మిషన్ల కాడికెల్లిపోతాం."

మురళీమోహన్ గేటు దగ్గర ఖాళీగా నిలిచిన లారీని చూశాడు. చింతచెట్టు ఎత్తునూ చూశాడు. మాటిచ్చాడు.

నవ్వుతూనే కుట్టారు. చీకటిపడకముందే లారీ నిండుగా బయలుదేరింది.

పండుగనాడు మాను పైకి లేచింది. దాని చివర, కుర్చీకి గట్టిగా కట్టిన పట్టుబట్టల మురళీమోహన్. కింద జనంలోంచి దేముడమ్మ కేక వేసింది.

"ఒక్కపాలి నవ్వండి బాబూ, ఫొటో తీస్తన్నారు!"

ఫొటోలో ఆయన కళ్లు బిగించి మూసుకుని ఉన్నాడు. అది భక్తిపారవశ్యమని ఊరంతా ఏకగ్రీవంగా అంగీకరించింది.