అలమారలో ముఖాముఖి

ఇక్కడే వీధి చివర నిలబడి మాట్లాడుకుందాం. మా ఇంటికి పిలవలేను. ఎందుకు పిలవలేనో కథ పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

రేడియోలో నా గొంతు విన్నవాళ్లు నన్ను ఆరడుగుల మనిషిగా ఊహించుకుంటారు. చుట్టూ పుస్తకాలు, కింద వాలుకుర్చీ ఉంటాయనుకుంటారు. నిజానికి ఆ గొంతు బట్టల అలమారలోంచి వస్తుంది. అందులో నేను మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, ఎవరిదో కోటు జేబు చెవికి తగులుతుండగా ముడుచుకుని ఉంటాను.

వారం వారం పాటగాళ్లతో, చిత్రకారులతో, వాయిద్యాలు వాయించేవాళ్లతో సృజన గురించి ముచ్చటించడం నా ఉద్యోగం. మా స్టేషన్లో సరిగ్గా పనిచేసే మైకు ఒక్కటే. దాన్ని అతిథి ముందు పెడతారు. నా ప్రశ్నలు పక్కింట్లోంచి ఎవరో అడిగినట్టు వినిపిస్తాయి. అందుకని ఇంటికొచ్చి వాటిని మళ్లీ చదివి, జవాబుల మధ్య అతికిస్తాను. మా ఆవిడ బట్టలు కుడుతుంది, పాతవి సరిచేస్తుంది. కస్టమర్ల కోట్లు, కర్టెన్లు, దుప్పట్లు ఆ అలమార నిండా వేలాడుతుంటాయి. అన్ని బట్టల మధ్య గొంతు తేనెలో ముంచి తీసినట్టు వస్తుంది.

ఇందులో ఇంకో సౌకర్యం ఉంది, మనలో మాట. జవాబు ముందే చేతిలో ఉంటుంది కాబట్టి ప్రశ్నను ఎంత గొప్పగానైనా మార్చుకోవచ్చు. ఒక చిత్రకారుణ్ణి, "ఏంటండీ, అంతా నీలమే పూశారు?" అని అడిగాను. "మిగతా డబ్బాలు ఎండిపోయాయి. ఉన్నదాంతోనే ఏదో ఒకటి చెయ్యాలి కదా" అన్నాడాయన. రేడియోలో మీరు విన్న ప్రశ్న వేరు: "లేమి సృజనకు శత్రువా, మిత్రుడా?"

ఆ వారం అందరూ నన్ను మేధావి అన్నారు. మా ఆవిడ అనలేదు. ఆవిడకు అసలు ప్రశ్నలు తెలుసు.

సరే, గొడవ ఎక్కడ మొదలైందో చెబుతాను. అలమార ఉన్న గదిని ఆనుకునే ఆవిడ కుట్టుమిషన్ ఉంటుంది. కాలు మిషన్ మీద పడిందంటే చాలు, నోట కూనిరాగం. అది పాట కాదు, మాటలుండవు. మిషన్ పరిగెత్తితే రాగమూ పరిగెడుతుంది. దారం తెగితే ఆగుతుంది. సూదిలోకి దారం ఎక్కిస్తున్నంతసేపూ ఒకే స్వరం మీద వేలాడుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నేను "కళాకారుడి ఏకాంతం" అని గంభీరంగా అంటుంటే, వెనక ఒకావిడ హాయిగా కూనిరాగం తీస్తుంటే ఆ ఏకాంతాన్ని ఎవరు నమ్ముతారు?

రోజూ అలమార తలుపు తీసి తల బయట పెట్టేవాణ్ణి.

"రికార్డింగ్ నడుస్తోందోయ్."

"నడవనివ్వండి. నా మిషనూ నడుస్తోంది."

"నీ మిషన్ కాదు, నీ నోరు."

"అది నా చేతిలో లేదండీ. కాలు కదిలితే అదే వస్తుంది. అలమారలో కూర్చుంటే మీకు తెలివి రావడం లేదూ? ఇదీ అంతే."

ఇలా ఎదురుగా నిలబడి ఆవిణ్ణి గెలిచిన మనిషి మా రెండు కుటుంబాల్లోనూ లేడు. అందుకని పథకం వేశాను.

మాకు నాలుగు వీధుల అవతల ఒక సంగీతం టీచరమ్మ ఉంది. చేతిలో ఎప్పుడూ చెక్క స్కేలు, దాంతో బల్ల మీద తాళం. అందరూ స్కేలు మేడమ్ అంటారు. ఒకసారి ఆవిడతో ముఖాముఖి చేశాను. పాడటంలోని ఆనందం గురించి చెప్పమంటే, ముందు నోరు మూయించాలి అంది. ఆవిడ దగ్గర కొత్తగా చేరినవాళ్లు ఆరు నెలలు క్లాసులో స్వరాలే పాడాలట. క్లాసు బయట కూనిరాగం కూడా తియ్యకూడదట. గొంతులోని పాత అలవాట్లన్నీ చచ్చిపోవాలట. ఆ రోజు అది క్రూరంగా అనిపించింది. ఇప్పుడు అందులో గొప్ప సౌందర్యం కనిపించింది.

ఆరు నెలల ఫీజు ముందే కట్టేసి ఇంటికొచ్చాను. నీ ప్రతిభ కుట్టుమిషన్ పాలవుతుంటే చూడలేకపోతున్నానని మా ఆవిడతో అన్నాను. కళ్లలో కాస్త తడి కూడా తెప్పించుకున్నాను.

"ప్రతిభా? నాకా?"

"నీకే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, గాజు సామానంతా ఒకసారి లెక్కచూసుకుని వచ్చింది.

"ఏమీ పగలలేదే" అంది అనుమానంగా.

అయినా వెళ్లింది. మొదటి క్లాసు నుంచి వచ్చిన సాయంత్రమే ఇంట్లో నిశ్శబ్దం దిగింది. మిషన్ నడిచేది, నోరు మాత్రం నడిచేది కాదు. నేను అలమారలో చక్రవర్తిలా, అంటే మోకాళ్లు ముడుచుకున్న చక్రవర్తిలా కూర్చుని ప్రశ్నలు చదువుకున్నాను. ఒక్కటే ఇబ్బంది. వెనక ఏ చప్పుడూ లేకపోయేసరికి నా ప్రశ్నలు నాకే స్పష్టంగా వినిపించడం మొదలైంది. అవి అంత బాగుంటాయని చెప్పలేను.

కొన్ని వారాలకు మా డైరెక్టరు ఫోన్ చేశాడు. ఆయన్ని మేము గడియారం గారంటాం. ఎదుటివాడి మొహం కాకుండా తన మణికట్టు చూస్తూ మాట్లాడటం ఆయన పద్ధతి.

కూనిరాగం ఏమైందని అడిగాడు. ఏ కూనిరాగం అన్నాను. నా ప్రశ్నల వెనక వచ్చేదట. జనం దానికోసమే రేడియో పెడుతున్నారట. అది ఆగినప్పటి నుంచి స్టేషన్‌కు ఒకటే ఫోన్లట. ఒకాయనైతే, ఆ మధ్యలో మాట్లాడే మనిషిని తీసేసి రాగం ఒక్కటే వెయ్యమన్నాడట.

"ఇంతకీ ఆ ఆలోచన ఎవరిది?" అన్నాడు.

"నాదే" అన్నాను. నా నోరు నా అనుమతి తీసుకోలేదు.

అప్పుడు అసలు బాంబు పేల్చాడు. పెద్దావిడ వస్తానందట. పెద్దావిడంటే మీకూ తెలుసు. ఒకప్పుడు ఆవిడ పాడితే హాలు బయట కూడా జనం నిలబడేవాళ్లు. ఉన్నట్టుండి పాట మానేసి, తలుపులు వేసుకుని, ఏళ్ల తరబడి ఎవరితోనూ మాట్లాడని మనిషి. ఆవిడ కూడా ఆ కూనిరాగం విందట. స్టేషన్‌కు రాదట, రాగం ఎక్కడ పుట్టిందో ఆ ఇంటికే వస్తుందట. ఆ ముఖాముఖి జరిగితే నా కార్యక్రమం ఉంటుంది. జరగకపోతే ఆ సమయం మొక్కల పెంపకానికి ఇచ్చేస్తారు.

"మీకు మొక్కల గురించి ఏమైనా తెలుసా?" అని అడిగి, జవాబు వినకుండా ఫోన్ పెట్టేశాడు.

నాకు తెలిసిన మొక్కలన్నీ నా చేతిలోనే చచ్చిపోయాయి. కాబట్టి మా ఆవిడ మళ్లీ కూనిరాగం తియ్యాలి. అదీ వారం తిరక్కుండా.

మిషన్ దగ్గరకు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఈ మధ్య ఇల్లు బోసిగా ఉందన్నాను. టీచరమ్మ వద్దంది కదండీ అంది. ఒక్కసారికి ఏమవుతుందన్నాను. ఆరు నెలల ఫీజు, మీ చెమటండీ, అంటూ పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకుంది. ఆ నోటిని ఇక దేవుడు కూడా తెరిపించలేడు.

నేను మొదలుపెడితే తనూ అందుకుంటుందేమోనని, సిగ్గు విడిచి నేనే కూనిరాగం అందుకున్నాను. ఆవిడ మిషన్ ఆపింది. వంగి కిందంతా చూసింది. సూదుల సందులోంచి నెమ్మదిగా అంది.

"నూనె వెయ్యాలండీ. ఏదో చప్పుడొస్తోంది."

చేసేది లేక, నియమం కాస్త సడలించమని అడగడానికి స్కేలు మేడమ్ దగ్గరకు పరిగెత్తాను. ఆవిడ నన్ను స్కేలుతో చూపించి కూర్చోమంది. మా ఆవిడ ఒక్కరోజే వచ్చిందట. నాకు ప్రతిభ ఉందని మా వారు అన్నారు, నిజమేనా అని అడిగిందట.

"నేను అబద్ధమాడను. ప్రతిభ సంగతి ఆయన నాతో అనలేదమ్మా, ఇంట్లో నోరు మూయిస్తే చాలన్నారు అని చెప్పాను."

"తను ఏమంది?"

"పడీ పడీ నవ్వింది. వెళ్లిపోయింది. ఫీజు మాత్రం వెనక్కి ఇవ్వను. ఆ క్లాసులు అలాగే ఉన్నాయి, మీ ఇంట్లో ఎవరైనా వచ్చి నేర్చుకోవచ్చు."

క్లాసు రోజున సంచి తగిలించుకుని వెళ్లి, ముఖం వెలిగిపోతూ తిరిగొస్తున్న నా భార్య మరి ఎక్కడికి వెళుతున్నట్టు? అడుగుదామంటే, నా పథకం నేనే ఒప్పుకోవాలి. ఆ పూట భోజనాల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం.

"క్లాసు బాగా జరిగిందా?"

"బ్రహ్మాండంగా."

"ఏం నేర్పారు?"

"నోరు మూసుకోవడం. మీరు కూర వేసుకోండి."

ఇక మిగిలింది ఆఖరి అస్త్రం. పాత రికార్డింగుల్లో ఆవిడ కూనిరాగం ఉందిగా. వాటిలో ఒకటి టేప్ రికార్డర్‌లో పెట్టి, మిషన్ కింద గుడ్డపేలికల బుట్టలో దాచాను. పెద్దావిడ రాగానే మీట నొక్కుతాను, మా ఆవిడ కాలు కదుపుతుంది, లోకం మోసపోతుంది. ఇంత పకడ్బందీ పథకం నా జీవితంలో వెయ్యలేదు.

పెద్దావిడ వచ్చింది. సన్నగా, చిన్నగా ఉంది, చేతి మీద ఒక పాత కోటు. వెనకే మైకు పట్టుకుని గడియారం గారు. మా ఆవిడ మిషన్ ముందు కూర్చుంది, పెదాల మధ్య సూదులు. నేను వినయంగా వంగినట్టు వంగి మీట నొక్కాను.

బుట్టలోంచి కూనిరాగం అద్భుతంగా లేచింది. పెద్దావిడ కళ్లు మూసుకుంది. గడియారం గారు మొట్టమొదటిసారి మణికట్టు వదిలి నా మొహం చూశాడు.

అప్పుడు బుట్ట మాట్లాడింది. "కళాకారుడి ఏకాంతం" అంది. నేను దగ్గాను. ఆ రికార్డింగులో అతికించడానికి పనికిరాని ముక్కలు కూడా ఉంటాయన్న సంగతి నాకు సరిగ్గా ఆ క్షణంలో గుర్తొచ్చింది. "ఏకాంతం... ఛ, మళ్లీ" అంది బుట్ట. తలుపు కిర్రుమంది.

"రికార్డింగ్ నడుస్తోందోయ్. నీ మిషన్ కాదు, నీ నోరు."

బుట్ట మీద పడ్డాను. మీట అనుకుని ఏది నొక్కానో, చప్పుడు ఇంకా పెరిగింది. పేలికల మధ్య చేతులు ఇరుక్కుని, నడుం పట్టేసి, నేను నాలుగు కాళ్ల మీద ఉండగా నా గొంతు ఇల్లంతా మోగింది: "ఈ ఆడవాళ్లకు కళంటే ఏం తెలుసు?"

మా ఆవిడ లేచి, గోడ దగ్గర ప్లగ్గు పీకింది. పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది.

"ఈయనేనా?" అని అడిగింది పెద్దావిడ.

"ఈయనేనండీ" అంది మా ఆవిడ.

ఇద్దరికీ ముందే పరిచయం. కూనిరాగం ఆగిన వారమే పెద్దావిడ స్టేషన్‌లో నంబరు తీసుకుని మా ఇంటికి ఫోన్ చేసిందట. నేను అలమారలో ఉన్నాను, మా ఆవిడ ఎత్తింది. అప్పటినుంచీ క్లాసు వేళల్లో వెళుతున్నది ఆవిడ ఇంటికే. అక్కడున్న మిషన్ మీద ఈవిడ పాత బట్టలు సరిచేస్తూ కూనిరాగం తీస్తే, ఆవిడ గొంతు కలుపుతోందట.

నేను నా ప్రశ్నల కాగితం బయటికి తీశాను.

"శ్రమ పడకండి. ఎలాగూ తర్వాత మార్చుకుంటారటగా" అంది పెద్దావిడ. మైకు అందుకుని, మా ఆవిడ చెయ్యి పట్టుకుని అలమారలోకి వెళ్లింది. కోట్లు పక్కకు నెడితే అందులో ఇద్దరికే చోటుంది.

నేనూ గడియారం గారూ బయట నిలబడి విన్నాం.

"మీరు పాడటం ఎందుకు మానేశారమ్మా?" అని అడిగింది మా ఆవిడ. నేనైతే ఈ ప్రశ్నకు మూడు విశేషణాలు తగిలించి, ప్రశ్నే లేకుండా చేసేవాణ్ణి.

లోపలి నుంచి జవాబు వచ్చింది. "ఒకరోజు ఇంట్లో ఒక్కదాన్నే పాడుకుంటున్నాను. ఒక స్వరం సరిగా పడలేదని ఆపి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను. వినేవాళ్లు ఎవరూ లేరు. అయినా భయపడ్డాను. ఇక ఇందులో సంతోషం లేదని ఆ రోజే మానేశాను."

"మరి ఇప్పుడు?"

"నీకు దారం తెగితే రాగం ఆగేది. మళ్లీ ఎక్కడ ఆగిందో అక్కడ కాకుండా, నీకు ఇష్టం వచ్చిన చోట మొదలయ్యేది. బొత్తిగా సిగ్గులేదు నీకు. నాకు ఆ సిగ్గులేనితనం కావాలనిపించింది."

గడియారం గారు గడియారం విప్పి జేబులో పెట్టుకున్నాడు.

అలమార తలుపు తెరుచుకుని మా ఆవిడ తల బయటికొచ్చింది. "ఏమండీ, మిషన్ చప్పుడు లేనిదే నాకు రాదు. కాస్త తొక్కుదురూ."

కూర్చుని తొక్కాను. సూదికింద గుడ్డ లేదు, దారం లేదు. లోపల ఒక గొంతు మొదలైంది, దాని పక్కన ఇంకోటి లేచింది. నేను వేగం పెంచితే వాళ్లూ పెంచారు, తగ్గిస్తే తగ్గించారు. ఇన్నేళ్లు కళాకారులను ఆనందం గురించి అడిగానే, అది కాళ్లలోంచి వస్తుందని ఎవరూ చెప్పలేదు. ఎంతసేపు తొక్కానో తెలియదు.

తలుపు మళ్లీ తెరుచుకుంది.

"ఏమండీ. రికార్డింగ్ నడుస్తోంది."

అప్పుడు తెలిసింది, నేను కూనిరాగం తీస్తున్నానని.

ముఖాముఖి ప్రసారమైంది. కార్యక్రమం నిలబడింది. మొక్కల పెంపకం వాయిదా పడింది. ఒకే ఒక్క ఫిర్యాదు వచ్చిందని గడియారం గారు ఫోన్ చేశాడు. పాట వెనక ఏదో జంతువు లాంటిది వినిపిస్తోందట, వచ్చే వారం నుంచి అది లేకుండా చూడమన్నాడు.

మా ఆవిడ అప్పటికే చూసేసింది. స్కేలు మేడమ్ దగ్గర మిగిలిన క్లాసులకు నా పేరు రాయించిందట. నియమాలు మీకు తెలిసినవేగా అంది.

"కూనిరాగం ఒక్కటే కదా తియ్యకూడదు?"

"మీ విషయంలో ఇంట్లో మాటలు కూడా చేర్చమన్నాను."

"మరి ప్రశ్నలు ఎవరు అడుగుతారు?"

అప్పటికే ఆవిడ అలమారలో మోకాళ్లు ముడుచుకుంది. తలుపు మూసుకుంటూ, అసలు ప్రశ్నలు తనకు తెలుసు లెండి అంది.

అందుకే మిమ్మల్ని ఇంటికి పిలవడం లేదు. ఇదంతా ఇలా వీధి చివర నిలబడి చెబుతున్నాను. ఇంట్లో రికార్డింగ్ నడుస్తోంది.