హారతి సంతకం పెట్టిందా?

మణిదీప్ అనే మనిషిని తాతాజీ జన్మలో చూడలేదు. అయినా తూకంలో ధాన్యం నొక్కేసే మిల్లువాళ్ళ మీద కూడా లేనంత కసి అతని మీద ఉంది. "ఇంటితాళాలు" సీరియల్ మొదట్లో తెర మీద 'రచన: మణిదీప్' అని పడినప్పుడల్లా తాతాజీ పళ్ళు కొరికేవాడు. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని, హారతి అనే బంగారంలాంటి కోడలిపిల్లని ఏడాదిగా ఏడిపిస్తున్నాడు ఆ కుర్రాడు. తోడికోడలు విషం కలిపిన పాలగ్లాసు పట్టుకుని సోమవారం మేడమెట్లు ఎక్కడం మొదలుపెడితే గురువారానికి కూడా పైకి చేరదు. ఆ లోపల ఇక్కడ మేస్త్రీలు మేడ కట్టేసి సున్నాలు కూడా వేసేస్తారు.

తాతాజీ ఎనిమిదో తరగతిలో మానేసింది బడిని మాత్రమే. చదవడం మానలేదు. మండపేట బస్టాండు పక్కన అద్దెపుస్తకాల కొట్టులో ఉన్న డిటెక్టివ్ నవలలన్నీ నమిలేశాడు. ముందు ఆఖరి పేజీ చదివి, హంతకుడు తనకి నచ్చితేనే పుస్తకం ఇంటికి తెచ్చుకునేవాడు. వెన్నెల వర్ణన వస్తే పేజీ తిప్పేసేవాడు. ప్రేమ నవలల్ని ముట్టుకునేవాడు కాదు. ఏ కథలోనైనా పెట్టుడుగడ్డం వకీలు గానీ, రాసిన కాసేపటికి మాయమయ్యే సిరా గానీ ఉంటే అది గొప్ప కథ అని ఆయన అభిప్రాయం. పకోడీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె తుడిచి చదివేవాడు. అందులో కథ సగంలో తెగిపోతే మిగతాది తనే ఊహించుకుంటూ చేనుకి నీళ్ళు పెట్టేవాడు.

ఇలాంటివాడు ఊరికే సీరియల్ చూస్తూ కూర్చోలేడు. దానికి కరెంటువాళ్ళు కూడా తోడయ్యారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి సీరియల్ మొదలవడం, పల్లెల్లో కరెంటు తియ్యడం ఒకేసారి జరిగేవి. మండపేట టౌను కాబట్టి అక్కడ తియ్యరు. తాతాజీ మరదలు వీరవేణి మండపేటలోనే ఉంటుంది. అందుకని కరెంటు పోయిన రోజున తాతాజీ ఆవిడకి ఫోన్ చేసి కథ కనుక్కుని, అరుగు మీద కాచుకుని ఉన్న ఆడవాళ్ళకి చెప్పడం అలవాటైంది.

ఒకరోజు వీరవేణి, "ఏముంది బావా, ఇంకా మెట్ల మీదే ఉంది" అంది. ఆ మాట బయటికొచ్చి చెప్పడానికి తాతాజీకి నామోషీ వేసింది. దాంతో తోడికోడల్ని మెట్ల మీంచి దొర్లించేశాడు. అరుగంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి ఫోన్ చెయ్యడం మానేశాడు. లోపలికి వెళ్ళడం, మిల్లువాళ్ళిచ్చిన క్యాలెండరు కాగితాల వెనక ఆ రోజు కథ రాసుకోవడం, బయటికొచ్చి చదవడం. మర్నాడు అసలు సీరియల్లో తోడికోడలు నిక్షేపంలా మెట్ల మీదే కనబడితే, "నిన్నటిది హారతికొచ్చిన కలండి" అనేవాడు. ఎవరూ అనుమానించలేదు. ఆ సీరియల్లో మామూలుగానే అన్ని కలలు వచ్చేవి. ఈ సంగతి తెలిసింది ఆయన భార్య నాగదుర్గ ఒక్కదానికే.

ఆ బుధవారం పొద్దున తాతాజీ ఇస్త్రీ చొక్కా వేసుకుని చాలా హుషారుగా ఉన్నాడు. కారణం దారి. ఆయన రెండెకరాలకీ రోడ్డుకీ మధ్య బాలాత్రిపురసుందరిగారి చేను అడ్డం. ట్రాక్టరు దిగడానికి దారి లేక, కోతలప్పుడల్లా మోపులు కూలీల నెత్తి మీద రోడ్డుకి చేరేవి. వాళ్ళు అడిగిన కూలి ఇచ్చేసరికి పంట మీద మిగిలేది గడ్డే. సుందరిగారు కోనసీమ నుంచి ఈ ఊరు కాపురానికొచ్చిన మేష్టారి భార్య. ఆయన పోయాక చేను కౌలుకిచ్చి ఒక్కతే ఉంటోంది. రెండేళ్ళు తిరగ్గా తిరగ్గా, చేను అంచున పన్నెండు సెంట్లు దారికి అమ్మడానికి ఒప్పుకుంది. పొద్దున వర్జ్యం, పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకా రాహుకాలం. ఆ తర్వాత సీరియల్. అది అయిపోగానే దొరబాబు టాక్సీలో రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళి సంతకం పెట్టాలని ఏర్పాటు.

"సీరియల్ ఇవాళొక్కరోజు మానకూడదాండి అమ్మగారూ?" అని తాతాజీ ముందే అడిగి చూశాడు.

"భలేవాడివోయ్! నిన్న ఆ మరిది వెధవ ఆస్తి కాగితాలు హారతి ముందు పెట్టాడు. అది పెన్ను పట్టుకునేసరికి ఆపేశారు. అది సంతకం పెడితే నేనూ పెడతాను. అది పెట్టకపోతే ఏదో ఉందన్నమాటే."

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. హారతి ఏకాదశి ఉపవాసం ఉంటే తనూ ఉండేది. హారతి అత్తగారితో మాటలు మానేసినప్పుడు, తనకి అత్తగారు లేరు కనక పాలవాడితో మానేసింది.

ఒంటిగంటకే సుందరిగారు పట్టుచీర కట్టుకుని, పాస్‌బుక్కు సంచిలో పెట్టుకుని తాతాజీ ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుంది. పక్కింటి రామతులసి కూడా అంట్లు వదిలేసి వచ్చింది. సీరియల్ పాట మొదలైంది. 'రచన: మణిదీప్' అని పడింది. కరెంటు పోయింది.

"వెళ్ళవయ్యా, మండపేట కబురు కనుక్కో" అంది సుందరిగారు, అందరితోపాటు అరుగు మీదికి వచ్చి.

తాతాజీ లోపలికెళ్ళాడు. వెనకే నాగదుర్గ వచ్చి గొంతు తగ్గించి, "ఏమండీ, ఈ ఒక్కరోజూ నిజంగా ఫోన్ చెయ్యండి" అంది.

"చేస్తే ఏం లాభమే? ఆ మణిదీప్‌గాడు తెముల్తాడా? పెన్ను చేతికిచ్చి వారం కూర్చోబెడతాడు. అందాకా ఈవిడ కారెక్కదు."

"అయితే సంతకం పెట్టించండి. ఇంకేం పెట్టకండి."

"నాకు చెప్తావేంటే!"

పది నిమిషాల్లో తాతాజీ కాగితం పట్టుకుని బయటికొచ్చి చదివాడు. మరిది మంచివాడే. హారతి కాగితాలన్నీ చదువుకుంది. మామగారి ఫొటోకి దణ్ణం పెట్టుకుంది. సంతకం పెట్టింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు.

"పెట్టేసిందా!" సుందరిగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని లేచింది. "అయితే పద నాయనా. శుభం." ఆవిడ ఒక కాలు చెప్పులో పెట్టింది. బయట దొరబాబు, "ఆయ్, వచ్చేయండమ్మగారూ" అని కారు స్టార్ట్ చేశాడు.

అంతా అయిపోయినట్టే. రామతులసి నోరు మూసుకుని ఉంటే.

"ఇంతేనా బావగారూ? ఇందుకా నేను అంట్లు వదిలేసి వచ్చింది? ఉప్పూ లేదు, కారం లేదు" అంది రామతులసి. "ఆ మణిదీప్‌కి సరుకైపోయినట్టుంది పాపం. మొన్న తోడికోడల్ని మెట్ల మీంచి దొర్లించిన రోజు ఎంత బాగా రాశాడు! మా ఆయనక్కూడా చెప్పాను, రాస్తే ఆ మణిదీపే రాయాలని."

తాతాజీ చెవులు ఎర్రబడ్డాయి. బాగున్నదంతా వాడి ఖాతాలోకి పోయింది. పోనీ, బాగులేనిది కూడా వాడి ఖాతాలోకే పోయిందిగా అని ఇంకొకడైతే సర్దుకునేవాడు.

"కూర్చోండి. ఇంకా అవ్వలేదు" అన్నాడు.

"ఏమండీ!" అంది నాగదుర్గ.

"సంతకం పెట్టేసిందన్నావుగా?" అంది సుందరిగారు.

"పెట్టినట్టు నటించిందండి!" తాతాజీ కాగితం పక్కన పడేశాడు. ఇక దాంతో పని లేదు. "పెన్ను పట్టుకుని తలెత్తి చూసింది. ఎదురుగా వకీలు. ఫ్యాను గాలికి వకీలు గడ్డం ఓ పక్కకి జరిగింది!"

"అమ్మ బాబోయ్!" అంది రామతులసి.

"పెట్టుడుగడ్డం! ఆ కాగితాల్లో అంకెలు రాసిన సిరా ఏవనుకున్నారు? గంటలో మాయమయ్యే సిరా! అంకెలన్నీ చెరిగిపోతాయి, కింద సంతకం ఒక్కటే ఉంటుంది. ఆ పైన వాడు ఎన్నెకరాలు రాసుకుంటే అన్నెకరాలు. హారతి లేచింది. కాగితాలు పర్రున చింపింది. మరిది కళ్ళల్లోకి సూటిగా చూసి, 'ఇన్నాళ్ళూ నవ్వుతూ మా గుమ్మం చుట్టూ తిరిగింది ఇందుకా? ముందు మా పొలానికి గొలుసు వేయించు. కొలిచి రాళ్ళు పాతించు. ఆ తర్వాతే ఈ హారతి సంతకం!' అంది."

రామతులసి చప్పట్లు కొట్టింది. కొంగుతో కళ్ళొత్తుకుంది. కారు ఆపేసి అరుగు దగ్గరికొచ్చిన దొరబాబు, "అదండీ ఆడదంటే!" అన్నాడు. చప్పట్లు చెవినపడుతుంటే తాతాజీకి దారి గుర్తులేదు, ట్రాక్టరు గుర్తులేదు. జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

సుందరిగారు చెప్పులోంచి కాలు వెనక్కి తీసుకోవడం అప్పుడు చూశాడు.

"ఓయ్ తాతాజీ," అంది ఆవిడ నెమ్మదిగా, "నువ్వు కూడా రెండేళ్ళ నుంచి నవ్వుతూ మా గుమ్మం చుట్టూ తిరుగుతున్నావు."

"అమ్మగారూ, అదీ... అది కలండి! హారతికొచ్చిన కల!"

"కలలోనే కదయ్యా భగవంతుడు చెప్పేది. నా చేను కొలిపించి ఎన్నాళ్ళయిందో. గొలుసు వేయించాకే సంతకం."

ఇక దాచి లాభం లేదనుకున్నాడు తాతాజీ. "అమ్మగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. అది సీరియల్లో లేదండి. నేనే రాశాను. మెట్ల మీంచి దొర్లించింది కూడా నేనేనండి."

రామతులసి పడీపడీ నవ్వింది. "మీరా? ఎనిమిదో తరగతి మానేసిన మీరా? బావగారూ, భూమి కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడండి గానీ, మరీ ఇంత పెద్దదా?"

"నిజమండి పిన్నిగారూ, ఆయనే రాస్తారు" అంది నాగదుర్గ సుందరిగారితో.

"నువ్వు ఆయన పెళ్ళానివి. అలాగే అంటావు" అంది సుందరిగారు.

నాగదుర్గ విసురుగా లోపలికెళ్ళి ఫోన్ పట్టుకొచ్చింది. తీగ గుమ్మం దాకానే వస్తే, సుందరిగారినే గుమ్మం దగ్గరికి పిలిచి రిసీవరు చెవి దగ్గర పెట్టింది. "ఒసేయ్ వీరవేణీ, ఇవాళ సీరియల్లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పవే. హారతి సంతకం పెట్టిందా?"

"ఆఁ, మొదట్లోనే పెట్టేసింది కదే. మరిది పాపం మంచోడేనట. అందరూ పాయసం తాగుతున్నారు. ఏం బాగులేదు" అంది వీరవేణి.

తాతాజీ గోడకి చేరబడ్డాడు. ఏడాదిలో మొదటిసారి మణిదీప్ ఒక పని ఒక్క రోజులో తెమిల్చాడు. అదీ ఈ రోజున.

సుందరిగారు రిసీవరు నాగదుర్గ చేతికిచ్చింది. "మీ చెల్లెలు మీ మనిషే కదమ్మా. పాయసమా? గడ్డం పెట్టుకుని వచ్చినవాడికి హారతి పాయసం పోస్తుందా? నాకా చెప్పేది!" ఆవిడ సంచి చంకన పెట్టుకుని, కారెక్కకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు అసలు సీరియల్లో హారతి పాయసం గిన్నెలు కడుగుతూ కనబడినా ఉపయోగం లేకపోయింది. "నిన్న జరిగింది దాచడానికి నాటకమాడుతోంది, తెలివైన పిల్ల" అంది సుందరిగారు.

సర్వేయరు చంద్రరావు గొలుసు పట్టుకుని దిగాడు. ఊరు సగం గట్టెక్కింది. సుందరిగారు గొడుగు వేసుకుని నిలబడింది. చంద్రరావు కొలిచాడు, పటం చూశాడు, మళ్ళీ కొలిచాడు. తర్వాత గట్టు దాటి తాతాజీ చేలోకి అడుగులేసుకుంటూ వచ్చి, రెండు కొబ్బరిచెట్లు దాటాక ఒకచోట పారతో గీకించాడు. మట్టికింద పాత సరిహద్దురాయి బయటపడింది.

తాతాజీ తండ్రి కాలం నుంచీ నాగలి వెళ్ళినప్పుడల్లా గట్టు కాస్త కాస్తగా సుందరిగారి వైపు జరుగుతూ వచ్చింది. అందులో నాగలి తప్పెంతో, మనుషుల తప్పెంతో చంద్రరావు కాగితంలో రాయలేదు.

"చూశారా?" అంది సుందరిగారు ఊరివాళ్ళతో. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు, అదే తాతాజీకి ఎక్కువ బాధగా ఉంది. "ఇక దారీ లేదు, గీరీ లేదు. నాయనా తాతాజీ, ఆ మణిదీప్ అడ్రసు మీ టీవీలో ఎక్కడైనా పడితే రాసుంచు. ఒంటరి ఆడదాని భూమి నిలబెట్టాడు. చల్లగా ఉండమని ఓ కార్డు ముక్క రాయాలి."

రామతులసి కూడా ఆ కార్డులో తన పేరు వెయ్యమంది.

కూలీలు అప్పటికప్పుడే పాత గట్టు కొట్టి, రాయి దగ్గర కొత్త గట్టు వేశారు. కొనాలనుకున్న పన్నెండు సెంట్ల మాట అలా ఉంచితే, తాతాజీ చేతిలోంచి పోయింది మూడున్నర సెంట్లు, మంచి కాపుమీదున్న రెండు కొబ్బరిచెట్లు.