కమిషనర్ గారి కోసం కాస్త చెత్త

ఆ ఆదివారం పొద్దున సెక్రటరీ గారు వేసుకున్న పథకం చాలా సులువైనది. ఆరింటికి వీధిలో వాళ్లందరూ సముద్రం ఒడ్డుకి వచ్చి శుభ్రం చేయడం మొదలుపెడతారు. ఎనిమిదింటికి మున్సిపల్ కమిషనర్ గారు వచ్చి, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని నాలుగు ప్లాస్టిక్ సీసాలు ఏరతారు. పేపరాయన ఫొటో తీస్తాడు. ఆ ఊపులో, మా వీధికి రోజూ చెత్త లారీ పంపండి అని సెక్రటరీ గారు అడిగేస్తారు. నలుగురిలో ఆవిడ కాదనలేరు.

ఆయన టెలిఫోన్ ఆఫీసులో రిటైరై, వీధి సంఘానికి సెక్రటరీ అయి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో లారీ కోసం ముప్ఫై ఒక్క అర్జీలు పెట్టారు. లారీ మాత్రం వారానికొకసారి, అదీ గుర్తుంటే వచ్చేది. మిగతా రోజుల చెత్తంతా గాలికి కొట్టుకుపోయి ఒడ్డున పడేది. వచ్చే నెలలో సంఘం ఎన్నికలు. "లారీ తేలేనాయన మనకి సెక్రటరీ ఎందుకూ?" అన్న గుసగుసలు అప్పుడే మేడ మెట్ల మీద వినిపిస్తున్నాయి.

జనం రారేమోనన్న బెంగతో ఆయన తన బావమరిదిని ఇంటింటికీ తిప్పారు. బావమరిది గొంతు ఎంత పెద్దదంటే, వీధిలో అందరూ అతన్ని 'మైకు' అనే పిలుస్తారు. ఆ గొంతుకి జడిసి, పడుకున్నవాళ్లు కూడా లేచొచ్చారు. పైగా సరి నంబరు ఇళ్లవాళ్లకీ బేసి నంబరు ఇళ్లవాళ్లకీ ఎవరు ఎక్కువ ఏరతారన్న పంతం మొదలైంది. సీసాలు, సంచులు, తెగిన వల ముక్కలు, ఒంటి చెప్పులు అన్నీ బస్తాల్లోకి ఎక్కాయి. ఏడయ్యేసరికి ఒడ్డు అద్దంలా మెరిసిపోయింది. కమిషనర్ గారు వస్తున్నారని ఆ రోజు పంపిన లారీ కూడా బస్తాలన్నీ ఎత్తుకుని వెళ్లిపోయింది.

సెక్రటరీ గారు నడుం మీద చేతులు వేసుకుని, తృప్తిగా అటూ ఇటూ చూశారు. ఆయన భార్య ఫ్లాస్కుతో టీ తెచ్చి, తనూ చూసింది.

"బాగుందండీ. మరి కమిషనర్ గారు ఏం ఏరతారు?"

ఆయన టీ గ్లాసు ఆవిడ చేతిలోనే పెట్టేశారు.

గంట టైముంది. ఒడ్డంతా వెతికితే ఒక ఐస్‌క్రీం పుల్ల దొరికింది. పుల్ల చేత్తో పట్టుకుని కమిషనర్ ఫొటో దిగితే ఏం బాగుంటుంది! ఆయన మైకుని పక్కకి లాగారు.

"ఒరేయ్, చడీచప్పుడూ లేకుండా వెళ్లి ఇంటికో బకెట్టు పొడి చెత్త తెమ్మను. ఇసక మీద పలచగా చల్లుదాం. ఆవిడ వెళ్లాక మనమే ఎత్తేద్దాం. అర్థమైందా?"

"అర్థమైంది బావా!" అన్నాడు మైకు. ఆ మాట అన్నదే రెండు వీధులకి వినపడింది.

మొదటి ఇంట్లో బకెట్టనే చెప్పాడు. మూడో ఇంటికి వెళ్లేసరికి బకెట్టన్న మాట ఎగిరిపోయింది. ఆరో ఇంటి ముందు నిలబడి, "ఇంట్లో అక్కర్లేనివన్నీ ఒడ్డుకి తెచ్చేయండమ్మా! కమిషనర్ గారు స్వయంగా వచ్చి పట్టుకెళతారు!" అని కేకేశాడు.

ఇన్నేళ్లకి ఒక అధికారి తమ అటక గురించి ఆలోచించారని జనం మురిసిపోయారు. ముందు చిరిగిన పరుపులు వచ్చాయి. వెనకాలే తలుపు లేని ఫ్రిజ్జు వచ్చింది. టైలరు పదేళ్ల గుడ్డ ముక్కలు ఏడు బస్తాల్లో దొర్లించుకొచ్చాడు. పళ్ల డాక్టరు తుప్పు పట్టిన కుర్చీని ఇద్దరి చేత మోయించుకొచ్చాడు. పక్క వీధివాళ్లు తోపుడు బండితో దిగారు.

సెక్రటరీ గారు చేతులు అడ్డం పెట్టారు. "వద్దండీ, మీరు వేరే వీధి కదండీ!"

"ఏం, కమిషనర్ మీ ఒక్క వీధికేనా?" అని బండిని ఆయన కాళ్ల ముందే బోర్లించారు.

ఇంతలో ఆయన భార్య, పక్కింటి పిన్నిగారు కలిసి ఒక పడక్కుర్చీ మోసుకొస్తూ కనపడ్డారు.

"అయ్యో, అది నాది!"

"మీదేనండీ. అక్కర్లేనివన్నీ తెమ్మన్నారటగా?" అంటూ ఆవిడ దాన్ని కుప్ప మీద పెట్టించింది.

సరిగ్గా ఎనిమిదింటికి కమిషనర్ గారి కారు ఆగింది. ఆవిడ దిగి చూశారు. సముద్రం కనపడలేదు. చెత్త గుట్ట అవతల నుంచి చప్పుడు మాత్రం వినపడుతోంది.

"మూడేళ్లుగా మీరు రాస్తున్నది దీని గురించేనా?" అన్నారు, గొంతు తగ్గించి. "గోరంతని కొండంత చేస్తున్నారనుకున్నాను. నన్ను క్షమించండి."

అవునండీ అంటే చాలు, లారీ వచ్చేస్తుంది, ఎన్నికలూ గట్టెక్కుతాయి. సెక్రటరీ గారు నోరు తెరిచారు కూడా. కానీ ఆవిడ ఇంకా ముగించలేదు.

"ఇంత చెత్తకి లారీ ఏం సరిపోతుంది? ఊరందరూ ఎలాగూ ఇక్కడే పోస్తున్నారు కాబట్టి, ఊరి మొత్తానికీ చెత్త కేంద్రం ఇక్కడే పెట్టించేస్తాను."

మైకు ఒక్కడే చప్పట్లు కొట్టాడు. మిగతా వీధంతా సెక్రటరీ గారి వైపు చూసింది. ఆయన ఒక అడుగు ముందుకేశారు.

"మేడమ్, ఈ చెత్త ఒడ్డుది కాదండీ," అన్నారు ఒక్క గుక్కలో. "ఏడింటికే అంతా శుభ్రం చేసేశాం. మీరు ఏరడానికి ఏమీ మిగల్లేదని, నేనే ఇళ్లలోంచి తెప్పించాను. కాస్తే తెమ్మన్నానండీ!"

కమిషనర్ గారు ఫోను తీసి లారీ డ్రైవరుని అడిగారు. "పొద్దున అన్నం పెట్టుకుని తినేలా ఉందమ్మా ఇసక," అన్నాడతను. ఆవిడ ఫోను పెట్టేసి, గుట్టని చూశారు, సెక్రటరీ గారిని చూశారు. ముందు పెదవి బిగపట్టారు. తర్వాత పట్టలేక పకపకా నవ్వేశారు.

"పన్నెండేళ్ల సర్వీసులో నేను వస్తున్నానంటే చెత్త దాచేసినవాళ్లనే చూశాను. తెచ్చి పోసిన మనిషిని మిమ్మల్నే చూస్తున్నాను," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "గంటలో ఒడ్డు శుభ్రం చేసుకోగల వీధికి లారీ ఇవ్వకపోతే తప్పు నాది. రేపటి నుంచి రోజూ వస్తుంది. ముందు ఇదంతా ఎత్తుదాం రండి."

లారీని వెనక్కి పిలిపించారు. కమిషనర్ గారు గ్లవ్స్ తొడుక్కుని, అందరికంటే ముందు పడక్కుర్చీని పట్టుకున్నారు. రెండో వైపు సెక్రటరీ గారి భార్య పరుగున వచ్చి పట్టుకుంది. కుర్చీ లారీలో పడగానే అందరూ చప్పట్లు కొట్టారు. చేసేదేముంది, సెక్రటరీ గారూ కొట్టారు.

మర్నాడు పేపర్లో ఫొటో పెద్దదే వచ్చింది. కింద ఇలా వేశారు: "ఎడమ నుంచి కమిషనర్, చెత్త, సెక్రటరీ."