సబ్బుల షావుకారు ముక్కు

ఆ ఉదయం సబ్బుల షావుకారు దగ్గరున్న సరుకు ఇది: డాబా మీద నాలుగు తెల్లటి గొట్టాలు, వాటి రంధ్రాల్లో పచ్చిగా తినే లెట్యూస్ ఆకుకూర మొక్కలు తొంభై ఆరు, గొట్టాల్లోకి నీళ్లు తోడే చిన్న మోటారు, ఒక నీలం డ్రమ్ము, భార్య ఇచ్చిన గడువులో మిగిలిన ఒక్క పూట. లేనిది ముక్కు. అంటే ముఖం మీద ఉంది గాని పని చేయదు. ముప్పై ఏళ్లు ఫినాయిలు, బ్లీచింగు, బట్టల సబ్బులు అమ్మిన కొట్టు దాన్ని మొద్దుబార్చేసింది. కొట్టు మూసేశాక కూడా ముక్కు తెరుచుకోలేదు.

పదకొండింటికి హోటలాయన వస్తాడు. రోజూ ఆకు కొనేదీ లేనిదీ తేలుస్తాడు. కాదంటే సాయంత్రం పాతసామాన్లవాడు గొట్టాలు పట్టుకుపోతాడు, డాబా మీదకి మళ్లీ బట్టల తీగలు వస్తాయి. మట్టి లేని సాగుకి ఆరు నెలలు చోటిచ్చిన భార్య షరతు అది. కాబట్టి షావుకారు పథకం చిన్నదే. ఆకుల మీద దుమ్ము తుడవాలి, ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, కుర్చీ వేసుకుని కూర్చోవాలి.

ఆరున్నరకి ఒక మొక్కని పైకెత్తి చూశాడు. వేళ్లు గోధుమరంగులో ఉన్నాయి.

నీళ్లలో పెంచే మొక్కకి వేళ్లే జాతకం. తెల్లగా ఉంటే బతుకు. గోధుమరంగు, జిగురు, కుళ్లు కంపు మూడూ కలిస్తే చావు. పైగా అన్నీ తాగేది ఒకే నీళ్లు గనక ఒకదాని చావు అందరికీ పంపకమవుతుంది. రంగు కళ్ల ముందుంది. జిగురో తడో తడి చేతికి తెలియలేదు. ఇక వాసన.

"ఒరేయ్!" అని కేకేశాడు. నాలుగు రోజులు సాయంగా ఉంటానని వచ్చి నాలుగు నెలలుగా ఉంటున్న బావమరిది పరుగెత్తుకొచ్చాడు.

"ఇది వాసన చూడు. కంపు కొడుతోంది కదా?"

"కొడుతోందా బావా?"

"కొట్టాలి మరి! రంగు చూడు."

"అయితే కొడుతోంది బావా. గట్టిగానే కొడుతోంది."

కొనేవాడే ముందు ధర చెప్పేస్తే అమ్మేవాడు ఇంకో ధర ఎందుకు చెబుతాడు? ఇంత చిన్న బేరసూత్రం ముప్పై ఏళ్ల వ్యాపారికి ఆ క్షణాన గుర్తురాలేదు. చేతిలో మొక్కని గ్లాసెడు మంచినీళ్లలో పెట్టి పిట్టగోడ మీద ఉంచాడు. లుంగీ ఎగ్గట్టాడు.

"అన్నీ పీకు. వేళ్లు తడారకూడదు, నీళ్లలోనే ఉంచు. ఈలోగా గొట్టాలు కడిగేస్తా."

యాభై అయిదు మొక్కలతో ఇంట్లో బకెట్లన్నీ నిండాయి.

"బకెట్లు అయిపోయాయి బావా!"

"ఇంకేదైనా చూడరా. శుభ్రంగా ఉండాలి, అంతే."

బావమరిది ఇల్లంతా వెతికి, ఇంట్లోకెల్లా శుభ్రమైన పాత్రని ఎంచాడు. మిగిలిన నలభై మొక్కలూ వాషింగ్ మెషీన్‌లో, పొద్దున్నే వేసి ఉంచిన బట్టల పైన, సుఖంగా సర్దుకున్నాయి.

షావుకారు డ్రమ్ము బోర్లించాడు. నీళ్లు మెట్ల మీదుగా వీధి గుమ్మం దాకా పారాయి. పొడవాటి కర్రకి బ్రష్షు కట్టి గొట్టాల్లో తోశాడు. మోటారు విప్పి, జల్లెడలో చుట్టుకున్న పాత వేళ్లు పీకాడు. డ్రమ్ము గోడల పచ్చటి పాకుడు గీకి, ఎండ సోకకుండా నల్లగుడ్డ చుట్టాడు. గొట్టంలో తల పెట్టి అక్కడినుంచే అరిచాడు:

"బ్లీచింగు నీళ్లు ఒక్క మూత చాలురా!"

డ్రమ్ముకి అని చెప్పలేదు. బావమరిది ప్రతి బకెట్‌కీ ఒక్క మూత, ఒక్క చుక్క కూడా ఎక్కువ కాకుండా, నిజాయితీగా పోశాడు.

తొమ్మిదింటికి, ఏళ్ల తరబడి చేస్తున్నట్టే, షావుకారు భార్య మెషీన్ మీట నొక్కింది. బట్టలు వేయడం ఆయన పని, మీట నొక్కడం ఆమె పని. ఒకరి పనిలో ఒకరు తొంగిచూడకపోవడమే ఆ సంసారం నిలిచిన రహస్యం.

పదిన్నరకి గొట్టాలు అద్దాల్లా మెరిశాయి. బావమరిది బకెట్లు పైకి మోసుకొచ్చాడు. వాటిలో మొక్కలు ఉడికించినట్టు వాలిపోయి ఉన్నాయి.

"మిగతావేవిరా?"

జవాబు కిందనుంచి వచ్చింది. "ఏమండీ! మీ చొక్కాలకి ఆకులు మొలిచాయేంటి?"

పచ్చబడిన చొక్కా చేత్తో పట్టుకుని ఆమె పైకొచ్చింది. కథంతా వింది. గ్లాసులో మొక్క తీసి వాసన చూసింది.

"ఇది కుళ్లడమేంటి, నిక్షేపంలా ఉంది. నిన్న సాయంత్రం డ్రమ్ములో సముద్రపు నాచు రసం పోశాను కదా, దాని రంగు వేళ్లకి పట్టింది. మొక్కలకి బలమని మీరు తెప్పించిందే! 'పొయ్యమని గుర్తుచెయ్యి' అన్నారు. గుర్తుచేసే బదులు పోసేశాను."

"నాతో అనొచ్చుగా?"

"మీరు నన్ను వాసన చూడమనొచ్చుగా? వాడి ముక్కు కూడా ముక్కేనా? వాడు మీరేమంటే అది అంటాడు."

"అవును బావా," అన్నాడు బావమరిది.

అప్పుడే హోటలాయన ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, తడి మెట్లెక్కి వచ్చాడు. ఖాళీ గొట్టాలు చూశాడు.

"ఆకు ఏదండీ?"

షావుకారు గ్లాసు చూపించాడు. భార్య అప్పటికే డాబాని తీగల కోసం అడుగులతో కొలుస్తోంది.

హోటలాయన గొట్టంలో వేలు పెట్టి రుద్ది చూసుకున్నాడు. మోటారు జల్లెడ విప్పి చూశాడు. డ్రమ్ములో తల దూర్చి వాసన పీల్చాడు.

"మా హోటల్ మీద ఇలాంటివే నలభై గొట్టాలున్నాయండీ. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ వేళ్లు కుళ్లిపోయాయి. అందుకే ఆకు కొనడానికి బయల్దేరాను. ఆకు అమ్మేవాళ్లని పదిమందిని చూశాను. ఎవరి గొట్టంలో వేలు పెట్టినా పాకుడే! మీరు వారం వారం వచ్చి మావి కడిగిపెడతారా?"

"మరి నా గొట్టాలో?"

"అవీ ఉండాలి. మావాళ్లు వచ్చి చూసి నేర్చుకోవద్దూ?"

భార్య కొలత ఆపింది. "ఈయన కడుగుతారు. కుళ్లిందో లేదో నేను చూస్తాను. ఆ ఒప్పందమైతేనే."

సాయంత్రానికి లెక్క తేలింది. పోయినవి తొంభై అయిదు మొక్కలు, ఆరు చొక్కాలు. వచ్చినవి నలభై గొట్టాల పని, తీగల బెడద లేని డాబా, పని చేసే ఒక ముక్కు. మిగిలిన మొక్క ఒకటి అని షావుకారు రాసుకునేలోపే, బావమరిది దాని మీద ఉప్పు చల్లుకున్నాడు.